పదకొండో పేజీలో అతుకు

"ఆదివారం హాలుకు రానంటవా? ఇంకోపారి అను. నా మొఖం జూసి అను."

పురుషోత్తం గొంతు లేచేసరికి పక్కింట్లో నడుస్తున్న మిక్సీ ఠక్కున ఆగింది. సీతాఫల్‌మండిలో ఇంటికీ ఇంటికీ నడుమ ఒక్క గోడే. ఈ ఇంట్లో గొడవ మొదలైతే ఆ ఇంట్లో పచ్చడి సగంలో ఆగుతుంది.

కల్పలత అన్న మొహంలోకి చూసింది. ఆయన అడిగాడు గనుక చూసింది.

"రాను అన్నా."

"విన్నవా విజయా? నీ చెవులకు వినవడ్డదా? నీ ఆడిబిడ్డ రాదంట!"

వంటింటి గుమ్మంలో విజయమ్మ అట్లకాడ పట్టుకుని నిలబడి ఉంది. పెనం మీద దోసె మాడుతున్న వాసన వస్తున్నా కదల్లేదు. భర్త వైపు చూసింది, ఆడబిడ్డ వైపు చూసింది, ఎవరి పక్షాన మాట్లాడినా తనకే చుట్టుకుంటుందని తెలిసి ఊరుకుంది.

"సోమవారం పేపర్ల ఫొటో వచ్చిన్నాడు మంచిగనే ఉన్నవు గదా! మిఠాయి డబ్బలు నువ్వే పంచినవు. బుధవారం సంది ఏమైంది నీకు? తినవు, మాట్లాడవు, పైన తలుపేసుకుంటవు. సంఘమోళ్లు సన్మానానికి మూడు వందల కార్డులు పంచిన్రు. మైకుకు చెప్పిన, శాలువలకు చెప్పిన. ఇప్పుడు మా చెల్లె రాదంట అని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

ఫ్రిజ్ పక్కన గోడకు ఆనించిన ఫ్లెక్సీ చుట్ట సగం విప్పుకుని కిందికి జారి ఉంది. అందులో కల్పలత బొమ్మ ముక్కు దాకానే కనిపిస్తోంది. బొమ్మ పైన 'మన స్వర్ణకారుల ముద్దుబిడ్డ, హెల్‌స్ట్రాండ్ పతక విజేత' అని తాటికాయంత అక్షరాలు. అరవై ఏళ్ల మనిషిని ముద్దుబిడ్డ అనడం రాంగోపాల్‌పేట్ సంఘం వాళ్లకే చెల్లింది.

పతకం మాత్రం ఉత్తుత్తిది కాదు. సైద్ధాంతిక స్టాటిస్టికల్ ఫిజిక్స్‌లో జీవితమంతా తల పగలగొట్టుకున్న వాళ్లలో రెండేళ్లకు ఒక్కరికి ఇస్తారు. కోటానుకోట్ల అణువులు ఒక్కచోట చేరినప్పుడు, విడిగా ఏ ఒక్కదానికీ లేని గుణం మొత్తానికి ఎలా వస్తుందో లెక్కకట్టి చూపే శాస్త్రం అది. డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పుకుంటూ, ఈ ఇంటి పై గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కల్పలత రాసిన ఒక్క పేపరుకు అది వచ్చింది. ఇరవై ఆరు పేజీల పేపరు. దాని మీద ఒక్కటే పేరు.

ఆ ఇరవై ఆరింటిలో పదకొండో పేజీ తప్పు.

ఈ సంగతి ఆమెకూ, మేనకోడలు రజితకూ తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. చెబుదామని మూడు రోజులుగా నోటి దాకా తెచ్చుకోవడం, మింగేయడం. లెక్కలో తప్పంటే అన్నకేం అర్థమవుతుంది? ఆయనకు అర్థమయ్యే మాట ఒక్కటే ఉంది. అది ఇవాళ పొద్దున పళ్లు తోముకుంటుంటే తట్టింది.

"అన్నా, జెర కూసో. అతుకు వదిలింది."

ఆ మాటకు పురుషోత్తం నిజంగానే కూర్చున్నాడు. తండ్రి పెట్టిన దుకాణంలో యాభై ఏళ్లుగా బంగారానికి టంకం పెడుతున్న చేతులవి. అతుకు సంగతి ఆయనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

"ఏ అతుకు?"

"నేను రాసిన దాంట్ల. మొదటి పది పేజీలు గట్టిగున్నయ్. ఎనుకటి పదిహేను సుత గట్టిగనే ఉన్నయ్. రెంటిని కలిపిన తాన, పదకొండో పేజీల, టంకం పట్టలే. గుంజితె ఊడొస్తది."

"ఎవలన్న గుంజిన్రా?"

"ఇప్పుడైతె ఎవలు గుంజలే."

"పదకొండేండ్లాయె అచ్చయి. పతకం ఇచ్చెటోళ్లు మనకంటె పెద్ద చదువులు చదివినోళ్లేనాయె. వాళ్లకే కనవడకపోతె నీకేంది తక్లీఫ్?"

"నాకు కనవడ్డది గద అన్నా."

"కనవడని అతుకు గురించి గిరాకి అడగడు లతా," అనేశాడు పురుషోత్తం.

అనేసి, గోడ మీది తండ్రి ఫొటో వైపు చూపు పోకుండా కార్డుల కట్ట సర్దడం మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న, పేరు బ్రహ్మచారి, చేతికిచ్చి పంపేసిన గొలుసు మీద కూడా రాత్రికి అనుమానం వస్తే పొద్దున్నే గిరాకీ ఇంటికి వెళ్లి మళ్లీ తెచ్చుకునేవాడు. ఒకసారి పెళ్లి పందిట్లో పెళ్లికూతురి మెడలోంచి తీయించి తెచ్చి, టంకం పెట్టి, తాళి కట్టే వేళకు ఇచ్చి వచ్చాడట. ఆ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది పురుషోత్తమే.

కట్టలోంచి జారిన కార్డు ఒకటి తీసి మళ్లీ పైన పెట్టాడు.

"ఇప్పుడైతె ఎవలు గుంజలే అన్నవు. అంటె ముంగట ఎవలో గుంజిన్రు," అన్నాడు ఆయన తలెత్తకుండానే.

"జకర్యా సార్."

కార్డులు సర్దుతున్న చేతులు ఆగాయి. విజయమ్మ అట్లకాడను గట్టు మీద పెట్టిన చప్పుడు మాత్రం వినిపించింది.

"గా పేరు ఈ ఇంట్ల తియ్యొద్దని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవు. గప్పటి సంది తియ్యలే."

జకర్యా ఆమెతో పాటు కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనం చేసి, మధ్యాహ్నానికి వచ్చేవాడు. పై గదిలో తలుపులు బార్లా తెరిచి, ఆమె ఆ వారం రాసిన పేజీలన్నీ పెన్సిలు పట్టుకుని చదివేవాడు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. 'ఇది ఎలా వచ్చింది?' అని అంచున చిన్న అక్షరాలతో రాసేవాడు, అంతే. నాలుగేళ్లు అలా నడిచింది. ఒక ఆదివారం ఆయన వెళ్లిపోయాక పురుషోత్తం చెల్లెల్ని పిలిచి, పెళ్లైన మగమనిషి వారం వారం వస్తుంటే బస్తీలో నాలుగు రకాలుగా అనుకుంటున్నారన్నాడు. కల్పలత ఎదురు మాట్లాడలేదు. మర్నాడు కాలేజీలో, ఇంటికి రావద్దని ఆయనతో చెప్పింది. కాలేజీలోనూ మాట తగ్గించుకుంది.

ఆ తర్వాత రాసిందే ఈ పేపరు. ఎవరి పెన్సిలూ తగలకుండా పోయిన మొదటి పేపరు. అచ్చయ్యాక జకర్యా ఒక ఉత్తరం రాశాడు, పదకొండో పేజీలో క్రమం తారుమారైంది చూడండి అని. చదివి ఆమెకు ఒళ్లు మండింది. కుళ్లుకుంటున్నాడనుకుంది. 'మీ అభ్యంతరం చిన్నది, పేపరుకేమీ కాదు' అని ఒక్క వాక్యం జవాబు పడేసింది. మళ్లీ ఆయన దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ ఏడే రాజీనామా చేసి మల్కాజ్‌గిరి వెళ్లిపోయాడు.

"ఏమయ్యా," అంది విజయమ్మ మెల్లగా, "ఇప్పటికన్న చెప్పరాదా?"

"నువ్వు లోపటికి పో. దోసె మాడుతుంది."

"అది మాడి ఎంత సేపాయె."

"పొమ్మన్న గద!"

కల్పలత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏం చెప్పాలె వదినా?"

విజయమ్మ పెదవి విప్పబోయి భర్తను చూసి ఆగింది. "ఏం లేదు లతా. ఛాయ్ చల్లగైంది, వేడి చేసి ఇస్త," అని కప్పు తీసుకుని లోపలికి పోయింది.

పురుషోత్తం లేచాడు. కోపం ఎటు పోయిందో పోయింది, మనిషి ఒక్కసారిగా ముసలివాడైనట్టు కనిపించాడు.

"నాయిన పోయినంక నిన్ను చదివించిన. సంబంధాలు తెస్తె వద్దన్నవు, ఊకున్న. పైన రూము ఏపియ్యమంటె ఏపిచ్చిన. ఇన్నేండ్లల్ల నిన్ను ఏమన్న అడిగిన్నా చెల్లె? ఒక్క ఆదివారం అడుగుతున్న. నలుగుట్ల నా చెల్లె అని చెప్పుకుంట. గంతే."

ఆ మాట కల్పలతకు సూటిగా వచ్చి తగిలింది. తిట్టినా బాగుండేది. ఆయన చెప్పులేసుకుని దుకాణానికి వెళ్లిపోయాడు. గోడ అవతల మిక్సీ మళ్లీ మొదలైంది.

* * *

పై గదిలో రజిత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. బీకామ్ చదివి ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేస్తున్న పిల్ల. ఇవాళ సెలవు పెట్టింది. అత్తమ్మ కొంపలంటుకున్నా నోరు విప్పని మనిషని, పక్కన ఎవరో ఒకరు ఉండాలని ఆ పిల్లకు తోచింది.

"మొత్తం నావల్లనే అయింది అత్తమ్మా."

"నీ మొఖం. నువ్వేం చేసినవే?"

"నేను గా ముచ్చట అడగకపోతె నీకు తెల్వకనే పోతుండె."

అదీ నిజమే. బుధవారం సాయంత్రం, పతకం అందుకునేటప్పుడు ఇవ్వాల్సిన ఉపన్యాసాన్ని మామూలు మనుషులకు అర్థమయ్యేలా చెప్పడం ఎలా అని కల్పలత రజిత మీద పరీక్షించి చూస్తోంది. ఫంక్షన్ హాలు అనుకో అంది. ముందర స్టేజీ మీద ఒక్క దీపం. జనం వస్తారు. దీపాన్ని చూసి కొంతమంది అటు తిరుగుతారు, వాళ్లను చూసి పక్కవాళ్లు తిరుగుతారు. హాలు కిక్కిరిసిపోయాక దీపం మెల్లమెల్లగా తగ్గించి ఆర్పేసినా, పక్కవాడిని చూసి పక్కవాడు అందరూ స్టేజీ వైపే కూర్చుని ఉంటారు. అదే, దీపం ముందే ఆర్పేసి తర్వాత జనాన్ని రానిచ్చామనుకో, ఏ మూల నుంచి ఎటు తిరుగుతారో ఎవడికి తెలుసు? మొత్తమ్మీద ఇటని చెప్పలేం, అటని చెప్పలేం. అదే హాలు, అదే దీపం, అదే జనం. ఏది ముందు, ఏది తర్వాత అన్న దాన్ని బట్టి జవాబే మారిపోతుంది. ఇనప ముక్క అయస్కాంతం కావడమంటే ఇదే.

రజిత శ్రద్ధగా విని, "మరి నీ పేపర్ల ఏది ముందు అత్తమ్మా?" అని అడిగింది.

"జనమే ముందు," అంది కల్పలత ధీమాగా. చూపిస్తానని పేపరు తెరిచింది. పదకొండో పేజీ మూడో లైను దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. అక్కడ దీపం ముందు ఆరింది. ఎందుకు ఆర్పొచ్చో ఒక్క ముక్క రాయలేదు. రాయాలని కూడా ఆ రోజు తోచలేదు. జకర్యా ఉత్తరంలో అన్నది ఈ లైను గురించే.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో రెండు కిటికీలు తెరిచి ఉన్నాయి. ఒకదానిలో పతకం కమిటీ పంపిన అంగీకార పత్రం. ఇవాళ వాళ్ల దేశంలో మధ్యాహ్నం అయ్యేలోపల సంతకం చేసి పంపాలి. రెండోదానిలో కల్పలత తెల్లవారుజామున కూర్చుని రాసిన ఆరు లైన్ల జాబు. నా పేపరు పదకొండో పేజీలో నిరూపణ చెల్లదు. సరిచేసే దారి నాకు తెలియదు. పతకం స్వీకరించలేను. క్షమించండి.

"గీ లెటరు పంపితె పతకం పోతది గదా?"

"పోతది."

"నువ్వే సరిజేయరాదు? జెర టైమ్ అడుగు."

"మూడు రోజుల సంది అదే చూస్తున్న బిడ్డా. వస్తలేదు. నలభై ఏండ్ల వయసుల అయితె వచ్చేదేమో." కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "పక్కన కూసొని, ఇది ఎట్ల వచ్చింది అని అడిగెటోళ్లు సుత లేకపాయె."

రజిత ఆమె చెయ్యి పట్టుకుంది. పాపం, అంతకంటే ఆ పిల్ల మాత్రం ఏం చేయగలదు! ఇంత జనం ఉన్న ఊళ్లో, కింద వదిన ఉండగా, చెయ్యి పట్టుకుని మేనకోడలు ఉండగా, కల్పలతకు తన బాధ చెప్పుకునే మనిషి లేదు. ఒక లైను గురించి ఏడ్వాలంటే ఆ లైను తెలిసిన మనిషి దగ్గరే ఏడ్వాలి. అలాంటివాణ్ని ఒకణ్ని దేవుడిస్తే, ఇంటికి రావద్దని చెప్పిన ఘనత తనదే. ఒంటరితనం ఎక్కడి నుంచో వచ్చి పడలేదు, తన నోటితో తానే పిలుచుకుంది. ఆమెకు ఆ సంగతి ఈ మూడు రోజుల్లో బాగా తెలిసొచ్చింది.

పదకొండు నలభైకి బటను నొక్కింది. జాబు వెళ్లిపోయింది. రజిత భోరుమంది.

"ఊకో. నాకే లేని ఏడుపు నీకెందుకే?" అంటూ కల్పలత లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, చేతిసంచీ తీసుకుంది.

"ఏడికి అత్తమ్మా?"

"మల్కాజ్‌గిరికి. ఆయన చెప్పిందే నిజమని ఆయనకు చెప్పాలె. అదొక్కటే మిగిలింది."

"డాడీ అడిగితె?"

"ఉన్నదున్నట్టు చెప్పు."

* * *

లోకల్ రైల్లో సికింద్రాబాద్, అక్కడి నుంచి బస్సు. పాత కొలీగును ఫోన్లో అడిగి రాసుకున్న చిరునామా పట్టుకుని రెండు వీధులు తప్పు తిరిగి, మూడో వీధిలో లేత నీలం రంగు గేటు ముందు నిలబడేసరికి ఒంటిగంట దాటింది. భోజనాల వేళ వచ్చానే అని సిగ్గుపడింది. వెనక్కి పోదామనుకుంది కూడా. అంతలో లోపల్నుంచి ఒకావిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. జకర్యా భార్య బ్యూలా. కాలేజీ రోజుల్లో రెండుసార్లు చూసిన మనిషే.

"ఎవరు కావాలమ్మా?"

"నేను... కల్పలత."

బ్యూలా చెయ్యి గేటు గొళ్లెం మీదే ఉండిపోయింది. తియ్యనూ లేదు, వెయ్యనూ లేదు.

"పేపర్లో చూశాం," అంది చివరికి. "రండి. ఆయన ఉన్నారు."

జకర్యా ముందు గదిలో పిల్లల ట్యూషన్ నోట్సు దిద్దుతున్నాడు. చేతిలో పెన్సిలే. మనిషి సగమయ్యాడు, జుట్టు పూర్తిగా నెరిసింది. ఆమెను చూడగానే లేచి నిలబడి చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

"అభినందనలు మేడమ్."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది.

"మీరు చెప్పిందే కరెక్టు సార్," అంది నిలబడే. "పదకొండో పేజీ తప్పు. మూడో లైను. అది చెప్పడానికే వచ్చిన."

ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. జకర్యా కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. గెలిచానన్న సంతోషం మొహంలో ఎక్కడా కనిపించలేదు.

"ఎప్పుడు చూశారు?"

"బుధవారం."

"కూర్చోండి."

ఆమె కూర్చుంది. బ్యూలా మంచినీళ్లు తెచ్చి పెట్టి, లోపలికి పోకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"నన్ను క్షమించమని అడగడానికి నాకు నోరు లేదు," అంది కల్పలత. "మీరు కుళ్లుకుంటున్నరని అనుకున్న. ఇన్నేండ్లు అట్లనే అనుకున్న. పొద్దున కమిటీకి రాసిన, పతకం తీసుకోనని."

"రాశారా? పంపేశారా?"

"పంపిన."

"అయ్యో మేడమ్!" జకర్యా చేతిలోని పెన్సిలు నోట్సు మీద పడింది. "ముందు నా దగ్గరికొచ్చి, తర్వాత పంపాల్సింది. మళ్లీ తారుమారు చేశారు!"

"ఎందుకు సార్?"

"ఎందుకంటారేమిటి? రెండో ఉత్తరం వద్దని తిప్పి పంపారు. సరే, అది మీ ఇష్టం, నేను మారు మాట్లాడలేదు. కానీ అందులో ఏముందో ఈ మూడు రోజుల్లో ఒక్కసారైనా అడగాలనిపించలేదా?"

కల్పలత ఆయన వైపు తెల్లబోయి చూసింది.

"రెండో ఉత్తరమా?"

ఎవరూ చెప్పకుండానే బ్యూలా లోపలికి వెళ్లింది. బీరువా తలుపు తీసిన చప్పుడైంది. తిరిగొచ్చి, చేతిలోని గోధుమరంగు కవరును కల్పలత ఒడిలో పెట్టింది.

"మూడు నెలలు రాశారమ్మా ఇది. అన్నం ముందు పెట్టినా రాసుకుంటూనే ఉండేవారు. ఇల్లు మారేటప్పుడు పారేద్దామంటే నా మీద అరిచారు," అంది. ఆవిడ గొంతులో కోపమే ఉంది, ఎవరి మీదో తెలియలేదు.

రిజిస్టర్డ్ పోస్టు. పెన్సిలు మనిషి జాగ్రత్తగా పెన్నుతో రాసిన ఆమె పేరు, సీతాఫల్‌మండి చిరునామా. దాని మీద అడ్డంగా పోస్టుమాన్ ఎర్ర సిరాతో రాసిన రాత. 'తీసుకోలేదు. పంపినవారికి వాపసు.' కింద తేదీ. కవరు బరువుగా ఉంది. అంచు అతికించింది అతికించినట్టే ఉంది.

"మీరు విప్పలేదా?"

"మీ పేరు మీదున్న ఉత్తరం. నేనెలా విప్పుతాను?"

"దీంట్ల ఏమున్నది సార్?"

"పదకొండో పేజీని నిలబెట్టే దారి. ఎనిమిది పేజీలొచ్చింది. మీరు క్రమం మార్చినా చెల్లుతుంది మేడమ్, కానీ ఎందుకు చెల్లుతుందో ముందు చూపించాలి. చూపించాననే అనుకున్నాను."

"అనుకున్నరా?"

"ఇంకొకరు చదివితే కదా తెలిసేది! నేను రాసింది చదివి, ఇది ఎలా వచ్చింది అని అడగడానికి మీరు తప్ప ఎవరున్నారు నాకు? మీరే వద్దన్నారు." ఆయన కిటికీ వైపు చూశాడు. "తర్వాత ఈ పని ముట్టుకోలేదు. ఇప్పుడు చెప్పమంటే మొదటి వాక్యం కూడా గుర్తు లేదు. నకలు పెట్టుకోలేదు."

కల్పలతకు ఏడుపు ఆగలేదు. మూడు రోజులుగా అన్న ముందూ, రజిత ముందూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. అరగంట బస్సు ప్రయాణంలో ఉన్న మనిషి. ఆయన ఇక్కడ, తాను అక్కడ, ఒకే లైను గురించి చెరో గోడ వైపు తిరిగి పదకొండేళ్లు కూర్చున్నారు. బ్యూలా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"నేను తిప్పి పంపలే సార్," అంది కళ్లు తుడుచుకుంటూ. "నా మీద ఒట్టు. ఇది నా చేతికే రాలే. ఈ తేదీ చూడండి. మే నెల, ఇరవై రెండు. ఆ నెలంత నేను చెన్నైల ఉన్న, సమ్మర్ స్కూలుకు పోయిన. ఇంట్లనే లేను."

జకర్యా కవరు మీది తేదీని చూశాడు. ఆమెను చూశాడు. నమ్మాలని ఉంది ఆ మనిషికి. పదకొండేళ్ల కోపాన్ని అంత తొందరగా ఎక్కడ దించుకోవాలో తెలియడం లేదు.

"మరి ఎవరు..." అని ఆగిపోయాడు.

సంచీలో ఫోను మోగింది. రజిత నంబరు. ఎత్తితే వినిపించింది అన్న గొంతు.

"లతా, ఏడున్నవ్?"

ఈ వేళప్పుడు దుకాణం వదిలి ఇంటికి రాడు ఆయన. వెనక ఎక్కడో విజయమ్మ ఏదో అంటోంది, మాటలు తెలియడం లేదు.

"మల్కాజ్‌గిరిల ఉన్న అన్నా."

"జకర్యా ఇంట్లనా?"

"ఆ."

లైను తెగిందేమో అని కల్పలత ఫోను చెవి నుంచి తీసి చూసింది. తెగలేదు. మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది. పురుషోత్తం గొంతు సవరించుకున్నాడు. పొద్దున వీధంతా వినిపించిన గొంతు, ఇప్పుడు ఆమెకే సరిగ్గా వినిపించడం లేదు.

"చెల్లె... ఆ కవరు వాళ్లు ఇంకా పెట్టుకున్నరా?"

కల్పలత ఒడిలోకి చూసుకుంది. కవరు సంగతి ఆమె అన్నతో ఇంకా ఎత్తనే లేదు.